హీరోయిన్‌కి నోరు తిరగని 'ఘ'

పన్నెండేళ్ళుగా నా బతుకంతా ఒకే ఫోల్డర్లో ఉంది. ఇంటద్దె లెక్కలు, చదివిన పుస్తకాల మీద నోట్సు, కిరాణా లిస్టులు, సగంలో వదిలేసిన కథలు, కోపంలో రాసి పంపకుండా ఆపేసిన రాజీనామా ఉత్తరాలు (మూడు). అన్నీ ప్లెయిన్ టెక్స్ట్ ఫైళ్ళే. అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండవు. బోల్డు లేదు, రంగు లేదు, ఫాంటు పేరు కూడా లేదు. విమ్‌లో తెరుస్తాను, రాస్తాను, గిట్‌లో దాస్తాను. మౌస్ ముట్టుకోకుండా రోజంతా పని చేయగలనని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాణ్ణి. పెళ్ళయ్యాక మానేశాను.

ఇలా రాసుకునేవాళ్ళందరికీ ఒక నమ్మకం ఉంటుంది. కంపెనీలు పోతాయి, సాఫ్ట్‌వేర్లు పోతాయి, ప్లెయిన్ టెక్స్ట్ మాత్రం పోదని. 1976లో బిల్ జాయ్ వీఐ ఎడిటర్ రాసినప్పుడు ఆయన ముందున్న టెర్మినల్ మీద బాణం గుర్తులు హెచ్, జే, కే, ఎల్ కీల మీదే ముద్రించి ఉండేవి. ఆ టెర్మినల్ ఎప్పుడో పాతసామాన్లలో కలిసిపోయింది. ఇవాళ ఫిల్మ్‌నగర్‌లో కూర్చుని కర్సర్ని కిందికి దింపాలంటే నేను నొక్కేది ఆ జే కీనే. అప్పటి ఫైలు ఇప్పటికీ తెరుచుకుంటుంది. మన నమ్మకం వమ్ము కాలేదు.

ఆ ఫైలు ఇంగ్లీషుదైతే.

తెలుగు సంగతి వేరు. టెర్మినల్లో విమ్ తెరిచి 'స్త్రీ' అని టైపు చేసి చూడండి. టెర్మినల్ అంటే గళ్ళ నోటుబుక్కు లాంటిది, ఒక్కో అక్షరానికి ఒక్కో గడి. మన వత్తులకు ఆ గడుల లెక్క కుదరదు. చాలా టెర్మినళ్ళలో అక్షరాలు ముక్కలై ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటాయి. కంప్యూటర్ లెక్కలో ఆ ఒక్క 'స్త్రీ' ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. యూటీఎఫ్-8లో దాస్తే 18 బైట్లు. ఇప్పుడు కర్సర్ని మొదటికి తెచ్చి ఎక్స్ కీ ఒక్కసారి నొక్కితే 'స్' ఎగిరిపోయి 'త్రీ' మిగులుతుంది. మొదటిసారి చూసినప్పుడు పావుగంట నవ్వుకున్నాను. ఆ తర్వాత తెలుగు వ్యాసాలన్నీ వేరే ఎడిటర్లో రాయడం మొదలుపెట్టాను. పన్నెండేళ్ళ నుంచి చేతికి అలవాటైన పనిముట్టు మాతృభాషకు మాత్రం పనికిరాదు. దీన్ని నా సొంత గొడవ అనుకున్నాను, కింది పోర్షన్లో ఉండే పెద్దాయన ఒక సీడీ పట్టుకుని మెట్లెక్కి వచ్చేదాకా.

ఆయనకి డెబ్భై దాటాయి. ముప్పయ్యేళ్ళు సినిమాలకు డైలాగులు రాశారు. పేరు చెప్పినా మీకు తెలియదు, తెర మీద ఎప్పుడూ పడలేదు. ఇక్కడి భాషలో ఘోస్ట్. నేను గురువుగారూ అని పిలుస్తాను. ఫిల్మ్‌నగర్‌లో ఆ పిలుపుకు పెద్ద అర్థమేమీ లేదు గానీ ఆయనకి ఇష్టం.

"అబ్బాయ్, కంప్యూటర్ల పనే కదా నీది. ఇది తెరిచిపెట్టగలవా?"

సీడీ మీద నల్ల మార్కర్‌తో 'ఫైనల్ 3' అని ఉంది. 2003లో మొదలైన సినిమా. రెండు షెడ్యూళ్ళయ్యాక డబ్బుల్లేక ఆగిపోయింది. కాగితం మీదున్న స్క్రిప్టు ఇల్లు మారినప్పుడు పోయింది. స్క్రిప్టంతా అక్కర్లేదట. నలభై ఒకటో సీను చాలు. "బతికినన్నాళ్ళలో అదొక్కటీ సరిగ్గా రాశాననుకుంటాను. ఇప్పుడు చదివితే కూడా అలా అనిపిస్తుందో లేదో చూద్దామని."

సీడీ డ్రైవ్ సంపాదించడానికే వారం పట్టింది.

అందులో రెండు ఫైళ్ళున్నాయి. పెద్దది మొత్తం స్క్రిప్టు, ఎప్పుడో ఆగిపోయిన ఒక పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో చేసినది. చిన్నది మామూలు టెక్స్ట్ ఫైలు, విమ్‌లో ఠక్కున తెరుచుకుంది. బొంబాయి నుంచి వచ్చిన హీరోయిన్ కోసం ఆవిడ డైలాగులు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టించిన షీటు అది. పెద్ద ఫైల్లోంచి ఒక చిన్న కమాండ్‌తో బైట్లు బయటికి లాగితే పేజీలకు పేజీలు ఇలా వచ్చాయి: £©±¶ §»¿ ¢®µ.

గురువుగారు నా భుజం మీదుగా చూసి, "ఇదేం భాషయ్యా?" అన్నారు.

తెలుగేనండీ అన్నాను.

ఆ జవాబు అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మద్రాసు రోజుల నుంచీ సినిమా స్క్రిప్టు అంటే చేతిరాత. పేజీని నిలువుగా మడిచి ఎడమ పక్కన దృశ్యం, కుడి పక్కన మాటలు రాసుకునేవాళ్ళు. రచయిత గొలుసుకట్టు రాతని అసిస్టెంట్లు ఫెయిర్ చేసేవాళ్ళు. కార్బన్ పెట్టి మూడు నాలుగు కాపీలు, ఒకటి డైరెక్టరుకి, ఒకటి కో-డైరెక్టరుకి, సీన్ పేపర్లు ప్రాంప్టింగ్ చెప్పే కుర్రాడికి. 1976లో అక్కినేని అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుపెట్టి, ఆ తర్వాత జూబ్లీహిల్స్ రాళ్ళగుట్టల మీద ఒక్కొక్కటే కట్టుకుంటూ పరిశ్రమ ఇటు మళ్ళినా ఈ పద్ధతి మారలేదు. అప్పటి కాగితం ఎవరి బీరువాలోనైనా మిగిలుంటే ఇప్పటికీ చదువుకోవచ్చు. కాగితానికి ఫాంటు అక్కర్లేదు.

తొంభైల్లో డీటీపీ వచ్చింది. కంప్యూటర్లో తెలుగు చూడాలన్న ఆత్రం ఒకవైపు, తెలుగు అనే భాష ఒకటుందని కంప్యూటర్‌కి తెలియకపోవడం ఇంకోవైపు. దానికి మనవాళ్ళు కనిపెట్టిన ఉపాయం ముసుగు. ఎనిమిది బిట్ల ఫాంటులో ఉండేవి 256 స్థానాలు. అందులో ఇంగ్లీషు అక్షరాలు, పౌండు గుర్తు, కాపీరైట్ గుర్తు లాంటివి ఉంటాయి. ఆ బొమ్మలు తీసేసి వాటి చోట తెలుగు ముక్కలు గీశారు. తలకట్టు లేని 'క' ఒక ముక్క, తలకట్టు ఒక ముక్క, 'క'కి అతికే కొమ్ము ఒకటి, 'ప'కి అతికే కొమ్ము ఇంకొకటి. క్రావడి అక్షరానికి ఎడమ నుంచి చుట్టుకొస్తుంది కాబట్టి దాన్ని అక్షరం కంటే ముందే పెట్టాలి. ఆపరేటర్ ఈ ముక్కలన్నీ చకచకా అతుకుతూ పోతే తెర మీద ముత్యాల్లాంటి తెలుగు. ఫైల్లో ఉండేది మాత్రం పౌండు గుర్తులూ కాపీరైట్ గుర్తులే. ఫాంటు ఉంటే తెలుగు. లేకపోతే మా గురువుగారడిగిన ప్రశ్న.

ఏ కంపెనీ ఫాంటుకి ఆ కంపెనీ లెక్క. ఒకరి 'మ' ఇంకొకరి దగ్గర 'గి'. ఇందులో ఎవరినీ తప్పు పట్టలేను. పత్రికలు రేపు పొద్దున అచ్చు కావాలి, శుభలేఖ సాయంత్రానికి కావాలి, సీన్ పేపర్ గంటలో లొకేషన్‌కి చేరాలి. పేజ్‌మేకర్లో పేజీ కట్టి ప్రింట్ తీశాక ఫైలు ఏమైపోతే ఎవరికి కావాలి? వాళ్ళ దృష్టిలో కంప్యూటర్ అంటే ఖరీదైన టైపు మిషను. నేనా రోజుల్లో డీటీపీ సెంటర్లో ఉంటే అదే చేసేవాణ్ణి.

విచిత్రమేమిటంటే దారి అప్పటికే పడింది. భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా ఇస్కీ అనే సంకేత పద్ధతి ప్రమాణంగా వెలువడింది 1991లో. అందులో తెలుగు 'క'కీ హిందీ 'క'కీ ఒకటే సంఖ్య. యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చిందీ 1991లోనే. మన లిపుల అమరిక దాని ముందు రూపమైన 1988 నాటి ఇస్కీ నుంచే తీసుకున్నారు. బ్రామ్ మూలెనార్ అనే డచ్చి ప్రోగ్రామర్ విమ్‌ని మొదట బయటపెట్టిందీ అదే ఏడాది. మరుసటేడు న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనాల బల్ల మీది కాగితంపై కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8 గీసేశారు. అంటే నేనిప్పుడు తెలుగు రాయడానికి వాడే సరంజామాకి పునాదులన్నీ గురువుగారి సీడీకి పదేళ్ళ ముందే పడ్డాయి. కానీ విండోస్‌లో యూనికోడ్ తెలుగు కనిపించింది 2001లో, ఎక్స్‌పీతో. అది కూడా సెట్టింగుల్లోకి వెళ్ళి టిక్కు పెడితే ఎక్స్‌పీ సీడీ ఏదీ అని అడిగేది. మా ఇంజనీరింగ్ హాస్టల్లో ఆ సీడీ ఒక్కడి దగ్గరే ఉండేది. తెలుగు చూడాలంటే వాడికి చాయ్ ఇప్పించాలి.

ఈలోగా సముద్రం అవతల ఇంకో కథ నడిచింది. తొంభైల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్ అనే ఇద్దరు తెలుగువాళ్ళు ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. ఆర్టీయెస్. అందులో 'ఆర్' అంటే రైస్ యూనివర్సిటీయే. చిన్న టీ కొడితే 'త', పెద్ద టీ కొడితే 'ట'. చిన్న ఎల్ 'ల', పెద్ద ఎల్ 'ళ'. పెద్దక్షరాలే లేని భాషకి పెద్దక్షరాలతో మూర్ధన్యాలు పలికించారు. దీని ముందూ వెనకా అమెరికాలో విద్యార్థులు, ఇంజనీర్లు న్యూస్‌గ్రూపుల్లో చేరి ఛందస్సు గురించీ విశ్వనాథ గురించీ ఇంగ్లీషు అక్షరాల తెలుగులోనే కొట్టుకున్నారు. చూడ్డానికి ఘోరంగా ఉండేది. ఇక్కడి పెద్దలకి అది తెలుగులాగే అనిపించేది కాదు. న్యాయంగా మాట్లాడితే నాకూ అనిపించదు.

కానీ ఆ రాతలు బతికాయి. ఎందుకంటే ఆ పద్ధతిలో ఫైల్లో ఉన్నది బొమ్మ కాదు, అక్షరం. ముప్పయ్యేళ్ళ కిందటి ఆర్టీయెస్ పాఠాన్ని ఇవాళ యూనికోడ్‌లోకి మార్చడం ఒక మధ్యాహ్నం పని. తర్వాత వీవెన్ చేసిన లేఖిని కూడా ఆ పద్ధతినే వాడుకుంది. మా తరంలో చాలామంది తెలుగులో మొదటి వాక్యం టైపు చేసింది అక్కడే. హైదరాబాదులో ముత్యాల్లా కొట్టిన తెలుగేమో పౌండు గుర్తులయింది. తెలుగులా కనిపించని తెలుగు నిలిచి, అచ్చం తెలుగులా కనిపించింది పోయింది. నాగార్జున వెన్న 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత రాశాడు కాబట్టి పాత ఫాంట్లలో ఉన్న పత్రికల సైట్లను చాలామందిమి యూనికోడ్‌లో చదవగలిగాం. బాగా వాడుకలో ఉన్న డీటీపీ ఫాంట్లకు మార్పిడి పనిముట్లూ ఉన్నాయి. గురువుగారి సీడీలోని ఫాంటు వాటిలో దేనికీ లొంగలేదు.

ఇక్కడే ఆ చిన్న ఫైలు అక్కరకొచ్చింది. హీరోయిన్ డైలాగులు రెండు చోట్లా ఉన్నాయి కదా. పెద్ద ఫైల్లో ముసుగు తెలుగులో, చిన్న ఫైల్లో ఇంగ్లీషు అక్షరాల్లో. ఒకే మాట రెండు లిపుల్లో. రోసెట్టా రాయి దొరికిన ఆనందం. చిన్న ఫైల్లో 'నాన్న ఉత్తరం చదివావా' అని ఉంటే, పెద్ద ఫైల్లో అదే పొడవుతో అదే చోట ఒకే గుర్తు మళ్ళీ మళ్ళీ వచ్చే వరుస వెతకాలి. శనివారం పొద్దున పైథాన్‌లో మొదలుపెట్టాను. ఆదివారం రాత్రికి 60 గుర్తులు తేలాయి.

తర్వాత చిక్కులు మొదలయ్యాయి. ఆ షీటు కొట్టిన కుర్రాడికి ఆర్టీయెస్ నియమాలు తెలియవు పాపం. 'పాట'కీ 'పాత'కీ ఒకటే స్పెల్లింగు. రెండు వేర్వేరు గుర్తులు టీ దగ్గరకే వస్తున్నాయి, ఏది ట, ఏది త? లెక్కపెట్టాను. తెలుగులో 'త' ఎక్కువ వస్తుంది కాబట్టి ఎక్కువసార్లు కనిపించేది 'త' అనుకున్నాను. 'న', 'ణ' కూడా అలాగే తేల్చాను. 'ల', 'ళ' దగ్గర లెక్క చాల్లేదు, గురువుగారికి చదివి వినిపించాల్సి వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని విని "కాదు, అది 'కళ' కాదు, 'కల'. నేను రాసింది కల" అనేవారు.

హీరో డైలాగుల్లో ఒక గుర్తు ఎంతకీ తేలలేదు. హీరోయిన్ మాటల్లో అది ఒక్కసారి కూడా రాలేదు. సీనులో నాలుగు చోట్ల ఉంది. ఒక చోట దాని తర్వాత 'ఓత్వం, రం' అని వస్తోంది. గురువుగారికి చూపించాను.

"అది 'ఘోరం' అయ్యుంటుంది. 'ఘ' ఆవిడ మాటల్లో దొరకదులే. ఆవిడకి నోరు తిరగడం లేదని ఘ, ఢ, ఛ ఉన్న మాటలన్నీ నేనే కొట్టేసి వేరేవి పెట్టాను. ఒక రాత్రంతా పట్టింది."

మీటర్ కోసం, లిప్ కోసం, సెన్సారు కోసం మాటలు మార్చడం విన్నాను. వర్ణమాలలోంచి అక్షరాలు తీసేసి డైలాగు రాయడం వినలేదు. ఇరవయ్యేళ్ళ తర్వాత నా ప్రోగ్రాములో ఖాళీలుగా మిగిలినవి సరిగ్గా ఆ అక్షరాలే.

ఇప్పుడన్నీ బాగైపోయాయా అంటే, అదీ లేదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చింది, గుర్తుందా? 'జ్ఞా'కి మధ్యలో కంటికి కనపడని ఒక విడదీత గుర్తు పెడితే, ఆ మెసేజి అందుకున్న యాప్ మూతపడేది. యాపిల్ ఆ నెల్లోనే సరిచేసింది. ప్రపంచమంతా తెలుగు బాంబు అని నవ్వుకుంటుంటే మా టీమ్‌లో నాకు కొంచెం గర్వంగా అనిపించిన మాట వాస్తవం. యూనికోడ్ వచ్చి 27 ఏళ్ళయ్యాక కూడా మన గుణింతం వాళ్ళకి కొరుకుడు పడలేదన్నమాట.

సినిమావాళ్ళ సంగతికొస్తే, స్క్రిప్టులకూ ఒక ప్లెయిన్ టెక్స్ట్ పద్ధతి ఉంది. ఫౌంటెన్ అంటారు. హాలీవుడ్ రచయిత జాన్ ఆగస్ట్, స్టూ మాష్విట్జ్ మరికొందరు కలిసి 2012లో బయటపెట్టారు. ఏ ఎడిటర్లోనైనా రాసుకోవచ్చు. పాత్ర పేరు పెద్దక్షరాల్లో రాసి, కింది లైన్లో మాట రాస్తే అది డైలాగని ప్రోగ్రామే గుర్తుపడుతుంది. చూడగానే ముచ్చటపడి నలభై ఒకటో సీను అందులో కొట్టబోయాను. తెలుగులో పెద్దక్షరాలెక్కడివి? రైస్ యూనివర్సిటీ కుర్రాళ్ళకి దక్కిన సదుపాయం నాకు దక్కలేదు. పాత్ర పేరు ముందు ఎట్ గుర్తు పెట్టాలి, సీను శీర్షిక ముందు చుక్క పెట్టాలి, అప్పుడు ఒప్పుకుంటుంది. పేజీకో నిమిషం అనే వాళ్ళ లెక్క కూడా కొరియర్ అనే ఇంగ్లీషు ఫాంటుని బట్టి పుట్టింది. మన పేజీకి అది వర్తించదు. కె.వి.రెడ్డిగారు స్టాప్‌వాచ్ పట్టుకుని సీను నిడివి ముందే తేల్చుకునేవారని ఇక్కడ కథలు కథలుగా చెప్పుకుంటారు. అదే నయం.

నాకు తెలిసిన అసిస్టెంట్ డైరెక్టర్లు వీటిలో ఏదీ వాడరు. కృష్ణానగర్ టీకొట్టు దగ్గర ఫోన్లో వాయిస్ టైపింగ్‌తో సీను చెప్పేసి వాట్సాప్‌లో పంపేస్తారు. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఇదే ఫైనల్'. నేను వాళ్ళకి గిట్ గురించి చెప్పబోయి ఒకసారి భంగపడ్డాను. గిట్‌లో 'బ్లేమ్' అని ఒక కమాండుంది. ఫైల్లో ఏ వాక్యం ఎవరు, ఏ రోజు మార్చారో వరుసగా చూపిస్తుంది. ఒక కో-డైరెక్టరు శ్రద్ధగా విని, "అన్నా, అది ఇక్కడ పెడితే సగం పరిశ్రమ కొట్టుకు చస్తుంది" అన్నాడు.

రెండో ఆదివారానికి సీను మొత్తం వచ్చింది. కళ్ళకి సులువుగా ఉంటుందని పెద్ద సైజులో ప్రింట్ తీసి కిందికి పట్టుకెళ్ళాను. రెండు పేజీలే. తండ్రి రాసిన ఉత్తరం హీరోయిన్ ఇన్నాళ్ళూ తెరవకుండా దాచిందని హీరోకి తెలుస్తుంది. వాడు అరుస్తాడు, ఆమె నెమ్మదిగా జవాబులు చెబుతుంది. కఠినమైన అక్షరాలన్నీ వాడివి, మెత్తటివన్నీ ఆమెవి. బొంబాయి హీరోయిన్ నోటి ఇబ్బంది వల్ల అలా అయిందని తెలియకపోతే రచయిత కావాలనే అలా రాశాడని నేనొక వ్యాసం రాసేసేవాణ్ణి.

గురువుగారు వేలు పెట్టుకుని చదివారు. రెండో పేజీ చివరకొచ్చేసరికి వేలు ఆగింది.

"ఈ ఆఖరు మాట నాది కాదు."

చూశాను. హీరో డైలాగు, ఒక లైను, ఆడదాని మనసు గురించి.

"నేనక్కడ మాట పెట్టలేదు. ఆ పిల్ల ఉత్తరం మడిచి లోపలికెళ్ళిపోతుంది. అంతే సీను. ఎవరో తగిలించారు."

ఎవరండీ అనడిగాను. డైరెక్టరై ఉండొచ్చు, హీరోగారి తాలూకు మనిషై ఉండొచ్చు, మాంచి ఊపులో ఉన్న డీటీపీ కుర్రాడైనా కావచ్చు అన్నారు. ఇరవయ్యేళ్ళుగా ఈ సీను తలుచుకున్నప్పుడల్లా ఆయన మనసులో ఆ లైను లేదు. సీడీలో మాత్రం ఉంది.

"తీసెయ్యి."

లాప్‌టాప్ ఆయన ముందే పెట్టి టెర్మినల్లో విమ్ తెరిచాను. అక్షరాలు విరిగి, వత్తులు చెదిరి కనిపించాయి. ఆయన మొహం చిట్లించారు. లోపల సరిగ్గానే ఉంటుందండీ, పైకే ఇలా, అన్నాను. ఆ లైను మీదికి వెళ్ళి డీ కీ రెండుసార్లు నొక్కాను. పోయింది.

"ఎవరు తీసేశారో ఉంటుందన్నావే, అందులో?"

ఉంటుందండీ. మామూలుగా నా పేరు పడుతుంది, కావాలంటే మీ పేరు వేయొచ్చు అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, నేను టైపు చేస్తున్నంతసేపూ తెర వైపే చూస్తూ, ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టొద్దు, పూర్తిగా వెయ్యమన్నారు.